ఓడిన బిడ్డకే ఆట యెక్కువ కావలెను

బిడ్డ బోరగిలబడిన దినమున బొబ్బట్లు, అడుగులు వేసిన దినమున అరిసెలు పంచిపెట్టుట తెలుగు లోగిళ్ల ఆచారము. దేహము క్రొత్తగా నొక విద్య నేర్చినదని పెద్దలు గుర్తించి, దానికొక పిండివంటను నియమించిరి. కాని యా వేడుక యంతయు రెండవయేటితో ముగిసిపోవును. నాలుగవయేట బిడ్డ ఒంటికాలిమీద గెంతినను, ఏడవయేట ఎగిరివచ్చు బంతిని చేతులతో పట్టినను మనము చూడనైన చూడము. "ఆటలు చాలించి చదువుకొనుము" అనుమాటయే అప్పటినుండి మన నోట వినబడుచుండును.

నడక యెట్లు నేర్వవలసిన విద్యయో, గెంతుట, విసరుట, పట్టుట, తప్పించుకొనుట, నిలదొక్కుకొనుట యనునవియు నట్లే నేర్వవలసిన విద్యలు. ఇవి వయసుతో వానియంతట నవియే పండవు, అభ్యాసముచే వచ్చును. ఆ అభ్యాసమును విసుగు లేక చేయించు బడి ఆటయే. ఆ బడిలో ఏ బిడ్డకు పాఠము దొరకుచున్నది, ఏ బిడ్డకు దొరకుట లేదు అను విషయమును సోదరీమణులతో కలసి విచారింపదలచితిమి.

ఆటను తక్కువగా చూచుట మన పూర్వుల మతము కాదు. ఆదిపర్వమున ద్రోణాచార్యుడు కురుకుమారులను మొట్టమొదట చూచినది ఆటలోనే. వారి బంతి నూతిలో పడినందుననే గదా ఆ గురుశిష్యుల పరిచయము కలిగినది. అది మగపిల్లల కథ యందురేని దండి రచించిన దశకుమారచరితమును చూడుడు. అందు కందుకావతి యను రాజపుత్రి ఏడవయేడు మొదలు వివాహమగువఱకు నెలనెలయు కృత్తికానక్షత్రమున బంతియాటతో వింధ్యవాసినీదేవి నారాధింపవలెనని నియమము. బంతిని మెల్లగను, మధ్యమవేగముతోను, వడిగను కొట్టుచు, అడుగులు మార్చుచు నామె యాడిన విధమును కవి యెంతయో శ్రద్ధతో వర్ణించెను. 13వ శతాబ్దమున కేతన యీ గ్రంథమును తెలుగుచేసెను. ఆడుపిల్ల బంతియాట దేవతారాధనమే కాగలిగిన కథను చదివిన మనము, పదేండ్ల పిల్ల బంతి చేతబట్టినచో "ఇంక చాలు" ననుట న్యాయమా?

శరీరవిద్య నెఱిగినవారు బాలుర చలనములను మూడు తెగలుగా విభజింతురు. పరుగు, దుముకు, గెంతు మొదలగు చోటు మారెడు చలనములు మొదటి తెగ. వంగుట, తిరుగుట, ఒంటికాలిమీద నిలుచుట మొదలగు నిలుకడకు సంబంధించినవి రెండవ తెగ. విసరుట, పట్టుట, కొట్టుట, తన్నుట మొదలగు వస్తువుతో కూడినవి మూడవ తెగ. ఇవిగాక వ్రేళ్లతో చేయు సన్నపు పనులు వేరుగా నున్నవి. సాధారణముగా నాలుగైదేండ్లకు ఒంటికాలి గెంతును, ఆరేడేండ్లకు చిన్నబంతిని ఱొమ్మునకు అదుముకొనక చేతులతోనే పట్టుటయు బిడ్డలకు చేతనగును. ఈ పునాది పడని బిడ్డ పదియవయేట ఖోఖోలోనికిగాని క్రికెట్టులోనికిగాని పోవుటకు జంకును. నవ్వులపాలగుదునని గట్టునే నిలుచును. నిలిచినకొలది అభ్యాసము తగ్గును. అభ్యాసము తగ్గినకొలది భయము పెరుగును. అక్షరములు రానివాడు పుస్తకము విప్పుటకు వెఱచినట్టిదే యిదియు.

మన తిరుపతి, చిత్తూరు ప్రాంతములలో ఈ పాఠములన్నియు కాసు ఖర్చు లేక అరుగులమీదను వీధులలోను దొరకుచుండెడివి. గచ్చకాయలాటను చూడుడు, దీనినే అచ్చనగండ్లనియు నందురు. ఐదు కాయలలో నొకదానిని పైకెగురవేసి, అది దిగివచ్చులోపల నేలమీదివానిని మొదట ఒక్కొక్కటిగను, పిదప రెండేసి చొప్పునను, ఆపైన మూడును నాలుగును కలిపియు ఏరి, దిగివచ్చు కాయను ఆ చేతనే పట్టవలెను. చూపు మీద, చేయి క్రింద. రెంటికిని కాలము కుదరవలెను. ఏ యుపాధ్యాయుడును విధింపకయే బిడ్డ యొక్క సాయంకాలమున నూఱుమార్లు ఈ పాఠము వల్లించును. తొక్కుడుబిళ్లలో గడిలోనికి సరిగా బిళ్లను విసరుట మూడవ తెగ పాఠము; గీత త్రొక్కక ఒంటికాలితో గెంతుట మొదటి తెగ; కాలు దింపక వంగి బిళ్ల నెత్తుట రెండవ తెగ. మూడు తెగలును ఒక్క సుద్దగీతలో నిమిడియున్నవి. వామనగుంటల పీటలోని పదునాలుగు గుంటలలో చింతగింజల నొక్కొక్కటిగా విడుచు వ్రేళ్లకు కలము పట్టుట బరువు కాదు. బిళ్లంగోడులో చిన్నకట్టెను ఎగురగొట్టి, గాలిలో నుండగనే మరల కొట్టుట చూపునకును చేతికిని కఠినపరీక్ష. కాని అది కంటికి తగిలిన ప్రమాదము గనుక ఇరుకు సందులలో తగదు; బయలే దానికి చోటు.

ఆటలిన్ని యుండగా కొఱత యెక్కడ? కొఱత ఆటలో లేదు, వంతులో నున్నది.

2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము పాఠశాలలకు ఆటస్థలము నుండవలెననియు ఆటవస్తువు లుండవలెననియు విధించినది. ప్రపంచ ఆరోగ్యసంస్థవారు 2020లో ప్రకటించిన సూచనలలో 5 మొదలు 17 ఏండ్ల వఱకు గల పిల్లలకు దినమునకు సగటున 60 నిమిషముల చురుకైన దేహశ్రమ కావలెననిరి. చట్టము స్థలము నిచ్చును, బడిగంట కాలము నిచ్చును. ఆ కాలములో నొక్కొక్క బిడ్డ నిజముగా కదలిన దెంతసేపు? మా యింటివారు బడిపంతులగుటచే నీ లెక్క మా యింట తఱచు వచ్చుచుండును. 40మంది పిల్లలు, ఒక బంతి, 40 నిమిషములు అనుకొందము. వరుసగా నిలిపి ఒక్కొక్కరిచేత బంతి వేయించినచో బిడ్డకు దక్కునది ఒక్క నిమిషము. తక్కిన 39 నిమిషములును వరుసలో నిలుచుటయే. పాతచీరెల పేలికలతో పది గుడ్డబంతులు చుట్టి, నలుగురేసి పిల్లల కొక్కొక్కటి యిచ్చినచో, అదే గంటలో బిడ్డకు పది నిమిషములు దక్కును. అయ్యవారు మారలేదు, స్థలము మారలేదు. పాఠము మాత్రము పదిరెట్లయినది.

ఇంతకన్న మిక్కిలి గమనింపదగినది కుర్చీలాట. వార్షికోత్సవములలో ఈ యాట లేని పాఠశాల అరుదు. 20మంది పిల్లలకు 19 కుర్చీలు వేసి, పాట ఆగినతోడనే కూర్చుండుమందురు. చోటు దొరకని బిడ్డ వెలికి పోవును. ఒక కుర్చీ తీసివేయుదురు. మొదట వెలికిపోవునది యెవరు? చటుక్కున తిరుగలేని బిడ్డ, పాట ఆగినది విని కాలు నిలుపలేని బిడ్డ, అనగా ఆ యభ్యాసము ఎవరికి అందఱికన్న నెక్కువ కావలయునో ఆ బిడ్డయే. ఆమెకు దొరకినది ఒక్క సుత్తు. పిదప 18 సుత్తులు గోడవార కూర్చుండి చప్పట్లు కొట్టవలెను. గెలిచిన బిడ్డకు 19 సుత్తులును దక్కెను. లెక్కలు రాని బిడ్డను మొదటి లెక్క తప్పినతోడనే తరగతినుండి వెలికి పంపి, వచ్చిన బిడ్డకే తక్కిన లెక్కలన్నియు చెప్పు పంతులుగారిని మనము మెచ్చుకొందుమా? ఆటస్థలమున మాత్ర మిదియే మనకు వేడుకగా తోచుచున్నది.

మన పాత ఆటలలో చాలవాని ధర్మము వేఱు. దాగుడుమూతలలో దొరకిపోయిన బిడ్డ వెలికి పోదు. ఆమెయే దొంగయై, తక్కినవారందఱికన్న నెక్కువ పరుగెత్తును. తొక్కుడుబిళ్లలో గీత త్రొక్కినదానికి వంతు పోవునే గాని ఆట పోదు. వంతు తిరిగివచ్చినప్పుడు తప్పిన గడినుండియే మొదలిడును. చెడుగుడులో దెబ్బతిన్నవాడు వెలికి పోయినను, తనజట్టు ఎదుటివారిలో నొకనిని పడగొట్టినతోడనే మరల బ్రదికి లోనికి వచ్చును. ఓటమికి గుర్తున్నది, గడువున్నది, బహిష్కారము లేదు. ఈ చెడుగుడే కబడ్డీ యను పేర 1990లో బీజింగు ఆసియా క్రీడలలోనికి ప్రవేశించెను. 2010లో గ్వాంగ్‌జౌ నగరమున స్త్రీల జట్లకును తావు కలిగెను. ఖోఖోలో తఱుమువాడు అలసినచో కూర్చున్నవాని వెనుకకు పోయి "ఖో" యనును. కూర్చున్నవాడు లేచి పరుగెత్తును. వంతును పంచుటయే ఆ యాటకు ప్రాణము. 2025 జనవరిలో ఢిల్లీ నగరమున జరిగిన మొదటి ఖోఖో ప్రపంచకప్పును మన దేశపు పురుషులును స్త్రీలును గూడ గెలిచిరి. వీధియాట యని త్రోసివేసినది అంతదూరము పోయినది.

ఓడినవారిని విడువకుండుట యనునది చదువులోనైనను సాధ్యమేనా యను సందేహము కలుగవచ్చును. దానికి మన ప్రాంతమే సమాధానము చెప్పినది. 2022లో జిల్లాలు విడివడుటకు పూర్వము చిత్తూరు జిల్లాలోనిదే యైన మదనపల్లె, 1895లో జిడ్డు కృష్ణమూర్తిగారు జన్మించిన యూరు. ఆ సమీపమున వారు నెలకొల్పిన ఋషివ్యాలీ పాఠశాల యున్నది. ఒక బిడ్డతో నొక బిడ్డను పోల్చుటయు, పోటీకి పురికొల్పుటయు బిడ్డలకు హాని యని కృష్ణమూర్తిగారు జీవితమంతయు చెప్పుచు వచ్చిరి. చదువుతోపాటు సాయంకాలపు ఆటలును, అందఱును కలసి యాడు జానపదనృత్యములును ఆ పాఠశాలలో భాగములు. ఆ సంస్థవారే చుట్టుపట్ల పల్లెలలో ఒకే యుపాధ్యాయుడు పలుతరగతులకు చదువు చెప్పు చిన్నబడులను నడిపి, అక్కడ "నిచ్చెన" పద్ధతిని ప్రవేశపెట్టిరి. చదువును చిన్న చిన్న మెట్లుగా విభజించి, మెట్టునకు కొన్ని అట్టలు వ్రాసియుంచిరి. ప్రతిబిడ్డయు తా నున్న మెట్టునుండి తన వడినే పైకి పోవును. జబ్బుపడి వారము రాని బిడ్డ మరల వచ్చి తాను విడిచిన మెట్టునుండియే ఎక్కును. ఎవరును వెనుకబడినవారు కారు. ఎవరి మెట్టు వారిది.

ఈ నిచ్చెన చదువునకు వేసినది. ఆటలకును ఇట్టిదానిని అమెరికాలో వ్యాయామవిద్య బోధించిన మస్కా మాస్టన్ అనునాయన 1966లో తన గ్రంథము ద్వారా ప్రచారము చేసెను. ఎత్తు దుముకుటకు త్రాడును సమముగా కట్టి, దాటినకొలది పైకి జరపుట అందఱెఱిగిన పద్ధతి. అందు త్రాడు జరిగినప్పుడెల్ల కొందఱు పిల్లలు వెలికి పోవుదురు. ఆయన త్రాడును వాలుగా కట్టించెను: ఒకకొన నేలకు దగ్గర, రెండవకొన నడుమెత్తు. ఇప్పుడు ఏ బిడ్డయైనను తనకు చేతనైన చోట దాటును. దాటి, ధైర్యము వచ్చినచో నొక జానెడు పైకి జరుగును. త్రాడు ఒక్కటే, అందఱికిని చోటున్నది. ఇంతటి యుపాయమునకు ఖర్చు ఏమియు లేదు; కొనను క్రిందికి దించుటయే.

ఇచ్చట నొక ముఖ్యవిషయము తల్లులు గుర్తుంచుకొనవలెను. చలనములు కుదురుకొనకపోవుట కొందఱు బిడ్డలలో అభ్యాసపు కొఱత మాత్రమే కాదు. బడియీడు పిల్లలలో నూటికి ఐదారుగురికి కన్నును కాలును చేయియు నొకదానితో నొకటి పొందుపడుట పుట్టుకతోనే కష్టముగా నుండునని వైద్యులు చెప్పుదురు. అట్టి బిడ్డకు చొక్కా గుండీలు పెట్టుకొనుట, చెప్పుల పట్టీ బిగించుట, నీళ్లు ఒలకక గ్లాసు నెత్తుట, తిన్నగా వ్రాయుట యన్నియు శ్రమయే. తెలివికి లోటుండనక్కఱలేదు. ఆ బిడ్డను "మొద్దు", "చేతకానిది", "సోమరి" యని పిలుచుట మిక్కిలి యన్యాయము. తోడి పిల్లలకన్న చాల వెనుకబడి, ఆ వెనుకబాటు ఇంటను బడిలోను నిత్యము బాధించుచున్నయెడల పిల్లల వైద్యునికి చూపవలెను. తిరుపతిలో స్విమ్స్ సంస్థవారి ఫిజియోథెరపీ కళాశాల యున్నది. అట్టి శిక్షణ పొందినవారు బిడ్డకు తగిన అభ్యాసమును నేర్పగలరు. వారు నేర్పునదియు చాలవఱకు చిన్న చిన్న మెట్లుగా విడగొట్టిన ఆటయే.

ఇక ఆడుపిల్లల మాట. కుర్చీలాటలో బిడ్డను వెలికి పంపునది పాట. ఆడుపిల్లను వెలికి పంపునది మనము. పది పండ్రెండేండ్లు వచ్చునప్పటికి "పెద్దదగుచున్నది, వీధిలో నేమి యాట" యని లోనికి పిలుతుము. తమ్ముడు మాత్రము చీకటి పడువఱకు మైదానముననే యుండును. విసరుటలోను కొట్టుటలోను బాలికలు బాలురకన్న వెనుకబడి యుందురని పరీక్షించినవారు పెక్కుచోట్ల కనుగొనిరి. వంతులు తక్కువగా దొరకుట అందులకొక ముఖ్యకారణము. నష్టము ఆటతో పోవునది కాదు. మనిషి జీవితములో ఎముకలకు చేరు సారములో నూటికి 90 వంతుల వఱకు బాలికలకు 18 ఏండ్లలోపలనే కూడును. దుముకుట, పరుగెత్తుట అందులకు దోహదములు. రేపు బిడ్డను కని, బిందె యెత్తి, ముసలితనమున జాఱిపడినను విఱుగక నిలువవలసిన యెముకలకు ఆ కొలది యేండ్లే పెట్టుబడి కాలము. అదే కాలమున పిల్లను గడపలోపల కూర్చుండబెట్టి చేతికి సెల్‌ఫోను ఇచ్చుచున్నాము. భయమునకు కారణములు లేవని మేము చెప్పము; వీథులలో బండ్లు పెరిగినవి, బయళ్లు ఇండ్లైనవి. అందుచేత ఆటకు చోటు చూచిపెట్టవలెనే గాని ఆటను మాన్పరాదు. నలుగురు తల్లులు వంతులు వేసికొని సాయంకాల మొక గంట పిల్లలకడ కూర్చున్నచో ఒక మిద్దెగాని దేవాలయపు ఆవరణగాని చాలును. మిద్దెకు మాత్రము పిట్టగోడ యెత్తుగా నుండవలెను.

ఇంటనే చేయదగిన పనులు కొన్ని చెప్పెదము. వాకిట ముగ్గు వేయునప్పుడు ప్రక్కనే ముగ్గుపిండితో రెండు గీతలు, ఒకకొన దగ్గరగను రెండవకొన దూరముగను గీయుడు. అది కాలువ. ఏ బిడ్డకు చేతనైన వెడల్పులో నా బిడ్డ దాటును. మూడేండ్లదియు పదేండ్లదియు కలసి యాడవచ్చును. ముగ్గుచుక్కలలో కొన్ని పిల్లలచేత పెట్టించి కలిపించినచో వ్రేళ్లకు అదియే సాధన. గుడ్డబంతిని మొదట పెద్దదిగను మెత్తగను చుట్టి, దగ్గరనుండి వేయుడు. పట్టుట వచ్చినకొలది బంతిని చిన్నది చేసి, ఎడము పెంచుడు. గచ్చకాయలు పట్టలేని బిడ్డకు ఐదు కాయలీయక రెండే యీయుడు. కుర్చీలాట వేడుకయే కావలెనన్నచో ప్రతిసారి కుర్చీని తీయుడు, బిడ్డను తీయకుడు; ఉన్న కుర్చీలమీద అందఱును సర్దుకొని కూర్చుండవలెనని నియమము పెట్టినచో నవ్వు హెచ్చును, ఎవరును గోడవారకు పోరు. జట్లు కోరుకొనునప్పుడు కడపట మిగిలిన బిడ్డయొక్క మొగమును ఒక్కసారి చూచినవారు ఆ పద్ధతిని మరల పెట్టరు. చీట్లు వేసి జట్లు కట్టుట మేలు.

పెద్దవారమైన మనకును తావున్నది. బ్రహ్మోత్సవములలో తిరుమల మాడవీథులయందు కోలాటము వేయు స్త్రీల జట్లను చూడని వా రీ ప్రాంతమున నుండరు. జత మారుచు, తాళమునకు అడుగు కలుపుచు, కఱ్ఱకు కఱ్ఱ తగిలించు నా యాటలో తప్పినవారు వెలికి పోరు. ప్రక్కనున్నవారు కనుసన్నచేసి తాళములోనికి తెచ్చుకొందురు. ఊరూర నట్టి జట్లున్నవి. తల్లి కోలాటమునకు పోవునప్పుడు కూతును కొంగు పట్టించుకొని పోయినచో పాఠము రెండు తరములకు దక్కును.

పాఠశాలల వ్యాయామోపాధ్యాయులను ఏడాదికొకసారి కలిసికొన్నప్పుడు "మా పిల్లకు బహుమానము వచ్చునా?" యని యడుగుటకు మాఱుగా, "ఈ గంటలో మా పిల్లచేతికి బంతి యెన్నిమార్లు వచ్చినది?" అని యడుగుడు. బహుమానము ఒక్కరికే రాగలదు. బంతి అందఱికిని రాగలదు. ఆ ప్రశ్న వినినకొలది పాఠశాలలు తమ గంటను తామే సవరించుకొనగలవు. అడుగులకు అరిసెలు పంచిన చేతులు ఆ తరువాతి గెంతుకును, బంతికిని ఒక్క వంతు చూచిపెట్టుట కష్టము కాదని మా నమ్మకము.